సీసీ రోడ్డు పైభాగం ఎందుకు పాడైంది? కారణం కనిపెట్టి మరమ్మతు చేసే పద్ధతి

వేసి ఏడాది తిరక్కుండానే కంకర తేలిన సీసీ రోడ్లు దాదాపు ప్రతి ఊళ్లో కనిపిస్తాయి. వాటికి మామూలుగా జరిగే మరమ్మతు ఒకటే. పైన సిమెంటు పాలు పూస్తారు, లేదంటే అంగుళం మందాన కొత్త కాంక్రీటు పరిచి వెళ్లిపోతారు. వచ్చే ఎండాకాలానికి ఆ పూత పెచ్చులుగా లేచిపోతుంది. పైపొర చెడడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఒకదానికి సరిపోయే మరమ్మతు మరోదానికి పనికిరాదు. కొన్నిటిని ముట్టుకోకపోవడమే మేలు. అందుకే ముందు కారణం తేల్చాలి, ఆ తర్వాతే తాపీ పట్టాలి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా కమ్మీ మెష్ (ఇనుప కమ్మీల జాలీ) వేసిన రోడ్ల గురించి: కాలనీ రోడ్లు, మిల్లుల ఆవరణలు, గోదాముల ముందు ప్రాంగణాలు, కల్వర్టు అప్రోచ్‌లు. మన జాతీయ రహదారుల కాంక్రీటు ఎక్కువగా మెష్ లేనిదే. అక్కడ జాయింట్ల దగ్గర డోవెల్ బార్లు, టై బార్లు (పక్కపక్క పలకలను కలిపే ఇనుప కడ్డీలు) మాత్రమే ఉంటాయి. పల్లెల్లో 150 నుంచి 200 మి.మీ. మందంతో వేసే రోడ్లూ అధికభాగం కమ్మీ లేనివే. కమ్మీ తుప్పు భాగం తప్ప మిగతాదంతా వాటికీ వర్తిస్తుంది.

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. మెష్ వేస్తే రోడ్డు పగలదని చాలామంది నమ్మకం. మెష్ పగులును ఆపదు. వచ్చిన పగులు తెరుచుకోకుండా బిగించి పట్టుకుంటుంది, అంతే. అది సరైన ఎత్తులో లేకపోతే ఆ పని కూడా చేయదు, పైగా తుప్పు పట్టి పైపొరను లేపుతుంది.

1. సామాను, సమయం

అరకిలో సుత్తి, రెండు మీటర్ల ఇనుప గొలుసు, స్టీలు స్కేలు, టేపు, సుద్ద, గట్టి మేకు, టార్చి, రెండు బకెట్ల నీళ్లు దగ్గర పెట్టుకోండి. పగులు వెడల్పు కొలిచే పారదర్శక ప్లాస్టిక్ కార్డు సివిల్ టెస్టింగ్ సామాను అమ్మే చోట దొరుకుతుంది. కమ్మీ ఉన్న రోడ్డయితే కాంక్రీటులో క్షారతను రంగుతో చూపే ఫినాల్ఫ్తలీన్ ద్రావణం కూడా కావాలి. స్పిరిట్‌లో 1 శాతం కలిపినది సరిపోతుంది.

ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఎత్తుపల్లాలు, లేచిన పొరలు నీడతో సహా బయటపడతాయి. అనుమానం ఉన్న చోట నీళ్లు చల్లి, ఆరేదాకా ఆగండి. పైభాగం ముందు ఆరుతుంది, పగులులో దిగిన నీరు ఆలస్యంగా ఆరుతుంది. అప్పుడు 0.1 మి.మీ. పగులు కూడా నల్లటి గీతలా కనబడుతుంది. ఆ గీతల వెంట సుద్దతో గీసి, ఫోటో తీసి, రోడ్డు మొదటి నుంచి ఎన్నో మీటరు, ఎన్నో ప్యానెల్ (రెండు జాయింట్ల మధ్య ఉన్న కాంక్రీటు పలక) అన్నది రాసుకోండి. ఈ పటం లేకుండా మొదలుపెడితే కారణం తేలదు. దెబ్బ ఎక్కడ ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ లేదన్నదీ అంతే ముఖ్యం. ఒక రోజు పోసిన 30 మీటర్లే చెడి, ఆ ముందు రోజుదీ తర్వాతి రోజుదీ బాగుంటే తప్పు ఆ రోజు మిక్సులోనో, క్యూరింగ్‌లోనో (కాంక్రీటు తడి ఆరకుండా కాపాడటం) జరిగినట్టు. అన్ని జాయింట్ల దగ్గరా చెడి ప్యానెల్ మధ్యలో బాగుంటే మిక్సును తప్పుపట్టే పని లేదు.

2. పగులు ఆకారం చూడండి

పొట్టిగా, ఒకదానికొకటి ఇంచుమించు సమాంతరంగా, తరచూ ఏటవాలుగా ఉండి, ప్యానెల్ అంచుదాకా పోకుండా మధ్యలోనే ఆగిపోయే పగుళ్లు పచ్చి కాంక్రీటు ఆరిపోవడం వల్ల వచ్చినవి. పోసిన కొన్ని గంటల్లోనే పుడతాయి. పైన 1, 2 మి.మీ. వెడల్పు ఉండి, లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి. పైనుంచి ఆవిరయ్యే నీరు, కింద నుంచి ఊరే నీటికన్నా ఎక్కువైనప్పుడు ఇది జరుగుతుంది. చదరపు మీటరుకు గంటకు 1 కిలో నీరు ఆవిరవుతోందంటే ప్రమాదం దగ్గరకొచ్చినట్టే. ఎండ ఒక్కటే ఇందుకు కారణమనుకోకండి, గాలి అంతకన్నా చెడ్డది. మబ్బు పట్టి పొడిగాలి వీచే రోజున కూడా ఇవి వస్తాయి.

కోడిగుడ్డు పెంకు చిట్లినట్టు సన్నటి గళ్లు, ఒక్కో గడి 1 నుంచి 4 సెంటీమీటర్లు ఉంటే అది పైచర్మం పగులు మాత్రమే. లోతు 3 మి.మీ. కూడా ఉండదు. తడిపినప్పుడు భయపెట్టేలా కనిపిస్తుంది గానీ రోడ్డు బలానికి హాని లేదు. దీని మీద డబ్బు ఖర్చుపెట్టకండి.

ప్యానెల్‌కు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుదాకా నిలువునా దిగిన పగులు పైపొర జబ్బు కాదు. జాయింటు కోత (పగులు అక్కడే వచ్చేలా పైన కోసే గాడి) ఆలస్యమైంది, లేదా ప్యానెల్ మరీ పొడుగైంది. నల్లరేగడి నేలల్లో అయితే కింద మట్టి ఉబ్బి కుంగిన ఆనవాలు కూడా కావచ్చు. అప్పుడు ప్యానెల్‌లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, స్కేలు పెట్టి చూడండి. మ్యాన్‌హోలు మూలల నుంచి కిరణాల్లా బయల్దేరే పగుళ్లు కూడా వేరే లెక్క. చట్రం చుట్టూ ఖాళీ జాయింటు వదలకుండా పోసినందువల్ల అవి వస్తాయి.

కమ్మీ వేసిన రోడ్డులో అసలు జాగ్రత్తగా చూడాల్సింది, మెష్ గడులంత దూరంతో, అంటే 150 లేదా 200 మి.మీ.కి ఒకటి చొప్పున, తిన్నగా పోయే గీతలు. ఇవి రెండు రకాలు. మొదటి రకం పోసిన రోజునే వస్తుంది. పచ్చి కాంక్రీటు కిందికి దిగుతుంటే కమ్మీ అడ్డుపడుతుంది, కమ్మీ మీద కాంక్రీటు చీలుతుంది. రెండో రకం ఏళ్ల తర్వాత తుప్పు వల్ల వస్తుంది. అంచుల్లో ఎర్రమట్టి రంగు మరక ఉండి, సుత్తితో తడితే డొల్ల శబ్దం వస్తే రెండోది. మరక లేకుండా, శబ్దం గట్టిగా ఉంటే మొదటిది. అయితే మొదటి రకాన్ని వదిలేస్తే నీళ్లు నేరుగా కమ్మీ మీదికే దిగుతాయి గనుక నాలుగైదు వానాకాలాల్లో అదే రెండోదిగా మారుతుంది.

3. గీకండి, తట్టండి, ఊడ్చి చూడండి

మేకుతో గట్టిగా గీకండి. తెల్లటి పొడి రాలి గాడి పడితే పైపొర బలహీనంగా ఉంది. చేత్తో తుడిస్తే అరచేతికి సిమెంటు పొడి అంటుకోవడం కూడా అదే సూచన. దీనికి మూడు కారణాలు తరచూ కనబడతాయి: మిక్సులో నీరు ఎక్కువ కావడం, పైన పాలు తేలి ఉండగానే మట్టపలకతో రుద్దడం, క్యూరింగ్ లేకపోవడం. మూడింటినీ వేరుచేయడానికి ఉలితో 10, 15 మి.మీ. తొలిచి మళ్లీ గీకండి. కింద గట్టిగా ఉంటే తప్పు ఫినిషింగ్‌దో క్యూరింగ్‌దో. కింద కూడా మెత్తగా ఉంటే మిక్సుదే, ఆ రోడ్డుకు పైపూతలతో పనికాదు.

నీటి లెక్క ఇక్కడే చెప్పుకోవాలి. ఎం30 (బలాన్ని బట్టి పెట్టిన గ్రేడు) కాంక్రీటుకు నీరు, సిమెంటు నిష్పత్తి 0.45 అనుకుంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లు. కలపడం తేలికవుతుందని 30 లీటర్లు పోస్తే నిష్పత్తి 0.60కి చేరుతుంది, బలం దాదాపు మూడో వంతు పడిపోతుంది. ఆ అదనపు నీరు పైకి తేలుతుంది కాబట్టి చక్రాలు తగిలే పైపొరలో నష్టం ఇంకా ఎక్కువ. తడి ఇసుక సంగతి ఎవరూ లెక్కేయరు. బస్తాకు వంద కిలోల ఇసుక పడుతుంటే, అందులో 5 శాతం తడి ఉందంటే 5 లీటర్లు అప్పటికే మిక్సులో ఉన్నట్టు. అప్పుడు పోయాల్సింది 17.5 లీటర్లే. వాన కురిసిన మర్నాడు పోసిన భాగమే ముందు లేచిపోవడానికి చాలాచోట్ల ఇదే కారణం.

ఇప్పుడు గొలుసును రోడ్డు మీద ఈడ్చుకుంటూ నడవండి. గట్టి చోట గణగణ మోగుతుంది, పొర విడిన చోట శబ్దం మొద్దుబారుతుంది. ఆ చోట సుత్తితో తడుతూ హద్దు గీయండి. విడిన పొర మందం చాలా సంగతులు చెబుతుంది. 3 నుంచి 6 మి.మీ. అయితే నీరు ఊరడం ఆగకముందే పైభాగాన్ని నున్నగా మూసేశారు, లోపలి నీరు, గాలి ఆ పొర కింద చిక్కుకున్నాయి. నీళ్లు తేలిన చోట పొడి సిమెంటు చల్లి రుద్దే అలవాటు కూడా ఈ పొరనే తయారుచేస్తుంది. మేస్త్రీలు దీన్ని మంచి పని అనుకుంటారు. పైన మెరుస్తుంది కూడా, కానీ చిక్కటి ఆ పూత కిందిదానికన్నా ఎక్కువ కుంచించుకుని విడిపోతుంది. విడిన పొర 20 నుంచి 60 మి.మీ. మందం ఉంటే కింద కమ్మీ ఉందేమో చూడండి.

అక్కడక్కడా రూపాయి బిళ్లంత గుంటలు పడి, అడుగున మెత్తటి రాయి ముక్క, మట్టి ఉండ, బొగ్గు లాంటివి కనిపిస్తే కంకర, ఇసుక శుభ్రంగా లేవు. గుంటలకు సిమెంటు పెడితే సరిపోతుంది. తర్వాతి పనికి మాత్రం ఇసుకను గాజు సీసాలో నీళ్లు పోసి కలిపి మూడు గంటలు పేరనివ్వండి. పైన తేలిన ఒండ్రు పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ లోడు వెనక్కి పంపండి.

కంకర తేలి నున్నబడటం చక్రాల బాటల్లోనే ఉంటే అది అరుగుదల. వరి పండే చోట్ల, ముఖ్యంగా డెల్టాలో, దమ్ము చక్రాలతో ట్రాక్టరును పొలం నుంచి పొలానికి రోడ్డు మీదే తోలుతారు. ఆ ఇనుప పట్టీల దెబ్బకు మంచి కాంక్రీటు కూడా చిట్లుతుంది. గాట్లు ఒకే ఎడంతో, ఏటవాలుగా వరుసగా ఉంటాయి కనుక గుర్తుపట్టడం తేలిక. ఇలాంటి రోడ్డుకు మరమ్మతు కన్నా ముందు పంచాయతీ తీర్మానం కావాలి. రబ్బరు టైర్లు మార్చుకోకుండా రోడ్డెక్కరాదని.

4. జాయింట్ల అంచులు

జాయింటుకు ఇరుపక్కలా 50 నుంచి 150 మి.మీ. మేర అంచులు విరిగాయంటే స్క్రూడ్రైవరుతో జాయింటు లోపల తవ్వి చూడండి. సీలెంటు ఎండిపోయి, అందులో ఇసుక, చిన్న కంకర బిగిసి ఉంటే కారణం దొరికినట్టే. 4 మీటర్ల ప్యానెల్, 30 డిగ్రీల తేడాకు సుమారు 1.2 మి.మీ. సాగుతుంది. చలికాలంలో తెరుచుకున్న జాయింటులో రాయి పడుతుంది, మే నెలలో ప్యానెల్ సాగేటప్పుడు ఆ రాయి అంచును పెచ్చుగా లేపుతుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండాకాలంలో రోడ్డు పైభాగం వేడి గాలి వేడికన్నా చాలా ఎక్కువగా ఉంటుంది, అక్కడ ఇది మరీ తరచు.

అంచు చిన్న చిన్న రంపపు పళ్లలా చెదిరి ఉంటే కోత మరీ తొందరగా కోశారు, బ్లేడు కంకరను పీకేసింది. కోతకు సరైన అదును మన ఎండల్లో పోసిన 6 నుంచి 12 గంటల మధ్య పడుతుంది. గడియారం కన్నా పరీక్ష కోత నమ్మదగినది: అర మీటరు కోసి, కంకర ఊడకుండా తెగుతుంటే మొదలుపెట్టేయాలి. తెల్లారాక కోద్దామని పడుకుంటే ప్యానెల్ తనంతట తానే వేరే చోట పగులుతుంది.

కమ్మీ ఉన్న రోడ్లలో ఇంకో తప్పు ఉంది, చూసినవాళ్లు తక్కువ. 150 మి.మీ. స్లాబులో కోత లోతు మందంలో మూడో వంతు, అంటే 50 మి.మీ. మెష్ కూడా సరిగ్గా పైనుంచి 50 మి.మీ. దగ్గరే కూర్చుంటే బ్లేడు దాన్ని కోసేస్తుంది, లేదా గీకి వదిలేస్తుంది. తెగిన కమ్మీ కొనలు జాయింటులో తెరిచి ఉంటాయి, ప్రతి వానకూ తడుస్తాయి. రెండు మూడేళ్లలో జాయింటు వెంబడి 150 మి.మీ.కి ఒకటి చొప్పున చిన్న పెచ్చులు లేస్తాయి, ప్రతి పెచ్చు కింద ఒక తుప్పు కొన ఉంటుంది. బ్లేడు అంతదాకా దిగకపోతే ఇంకో నష్టం: మెష్ జాయింటును బిగించి పట్టుకోవడంతో అక్కడ తెరుచుకోదు, ప్యానెల్ మధ్యలో తెరుచుకుంటుంది. అందుకే మెష్‌ను జాయింటుకు అటూ ఇటూ 50 నుంచి 75 మి.మీ. ముందే ఆపాలి. చుట్టలు విప్పి రోడ్డు పొడుగునా ఏకధాటిగా పరచడం సులువే, కానీ తప్పు.

5. కమ్మీ తుప్పు నిర్ధారణ

డొల్ల మోగిన చోట ఒక పెచ్చు లేపండి. కమ్మీ మీద ఎంత కాంక్రీటు ఉందో కొలవండి. మామూలు చోట 30 మి.మీ., సముద్రతీర ప్రాంతాల్లో 45 మి.మీ. కన్నా తగ్గకూడదు. రోడ్డు మెష్‌ను సాధారణంగా 50, 60 మి.మీ. కింద పెడతారు. కానీ కూలీలు మెష్ మీద నడుస్తూ పోస్తారు, మెష్‌ను ఎత్తిపట్టే చైర్లు మీటరుకొకటి కూడా ఉండవు. ఒకచోట నేలకు అంటుకుంటుంది, పక్కనే పైకి లేచి 15 మి.మీ. కిందే ఉండిపోతుంది. పైకి లేచిన ఆ చోటే ముందు పోతుంది. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్ల జాగా కావాలి, పైనున్న పలచటి కాంక్రీటు దాన్ని ఆపలేదు.

అప్పుడే పగలగొట్టిన ముఖం మీద, దుమ్ము ఊది, ఫినాల్ఫ్తలీన్ చల్లండి. ముదురు గులాబీ రంగు వస్తే కాంక్రీటులో క్షారత ఉంది. రంగు రాని మందాన్ని స్కేలుతో కొలవండి. ఆ మందం కమ్మీ దాకా చేరితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ క్షారతను తినేసి కమ్మీ రక్షణ పోగొట్టిందని అర్థం. కమ్మీ చుట్టూ గులాబీ రంగు బాగానే ఉండి కూడా తుప్పు పట్టిందంటే ఉప్పును అనుమానించాలి.

ఉప్పు తరచూ నీళ్లతోనే వస్తుంది. కమ్మీ ఉన్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటరాదని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. కమ్మీ లేనిదానికి 2000 దాకా పరవాలేదు. తీర మండలాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల ఈ హద్దు దాటుతాయి. ట్యాంకరు ఎక్కడ నింపారో అడగండి, సీసాలో పట్టి నీటి పరీక్ష చేయించండి. డొల్ల చోట నుంచి తీసిన కాంక్రీటు పొడిని ల్యాబుకు పంపితే మొత్తం క్లోరైడు తేలుతుంది. కమ్మీ ఉన్నదానికి ఘనమీటరుకు 0.6 కిలోలు హద్దు. ఈ ఫలితం మీదే మరమ్మతు నిర్ణయం ఆధారపడుతుంది. కార్బన్ డయాక్సైడ్ వల్లయితే అతుకు నిలుస్తుంది. మిక్సులోనే ఉప్పు కలిసిపోయి ఉంటే ఒకచోట అతికితే పక్కన లేస్తుంది, ఆ ప్యానెళ్లను మార్చేయడమే చౌక.

అమెరికా, కెనడాల్లో ఇల్లున్నవారికి ఒక మాట. అక్కడి డ్రైవ్‌వేల పైపొర రేకులుగా లేవడానికి మంచు గడ్డకట్టి కరగడం, దానిపై చల్లే ఉప్పు పెద్ద కారణాలు. అందుకే అక్కడి మిక్సులో కావాలని సన్నటి గాలి బుడగలు చేరుస్తారు. మన దగ్గర మంచు లేదు గనుక ఆ వివరణ ఇక్కడి రోడ్లకు అంటగట్టకండి.

6. ఏ దెబ్బకు ఏ మరమ్మతు

పైచర్మం గళ్ల పగుళ్లను అలాగే వదిలేయండి. పొడి రాలే పైపొర కింద గట్టిగా ఉంటే మెత్తటి పొరను గ్రైండింగ్‌తో తీసి, లిథియం సిలికేట్ లాంటి గట్టిపరిచే ద్రవం పట్టించండి. పచ్చి ఆరుదల పగుళ్లను పోసిన రోజే గమనిస్తే, కాంక్రీటు ఇంకా బిగుసుకోకముందే మట్టపలకతో కొట్టి మూసేయొచ్చు. తర్వాతయితే కంప్రెసరుతో ఊది, బాగా ఆరనిచ్చి, నీళ్లలా పలచటి ఎపాక్సీని పగుళ్లలోకి తాగనివ్వండి. ఆరీ ఆరకముందే పైన ఇసుక చల్లాలి, లేకుంటే బండ్లు జారతాయి. ప్యానెల్ అడ్డంగా పగిలి, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే ఎపాక్సీ వద్దు, పక్కన మళ్లీ పగులుతుంది. గాడి కోసి సిలికాన్ లేదా పాలీసల్ఫైడ్ సీలెంటు నింపండి.

మొత్తం రోడ్డు 5, 10 మి.మీ. లేచిపోయి కింద గట్టిగా ఉంటే పాలిమర్ మోర్టారు 10 మి.మీ. పొర నిలుస్తుంది. మామూలు కాంక్రీటు పరచాలంటే 50 మి.మీ.కి తగ్గకూడదు, కింది ముఖం గరుకు చేయాలి, కింద ఉన్న జాయింట్లన్నీ పైన కూడా అదే వరసలో కోయాలి. అంగుళం కాంక్రీటు పరవడం డబ్బు పారబోయడమే.

విరిగిన జాయింటు అంచులకు, గుంటలకు అసలైన మరమ్మతు ఇది. వరుస తప్పకండి.

మొదట డొల్ల మోగే హద్దుకు 75 మి.మీ. బయటికి సుద్దతో చతురస్రం గానీ దీర్ఘచతురస్రం గానీ గీయండి. వంకర హద్దులు వద్దు. గీత మీద 40 నుంచి 50 మి.మీ. లోతున నిలువుగా కోయండి. అంచు ఏటవాలుగా పలచబడితే అక్కడే మళ్లీ లేస్తుంది. లోపలి కాంక్రీటును తేలికపాటి చిప్పింగ్ హ్యామర్‌తో తీయండి. పెద్ద బ్రేకరు పెడితే కింద బాగున్నది కూడా చిట్లుతుంది. అడుగు తేలాక మళ్లీ సుత్తితో తట్టండి, ఇంకా డొల్ల ఉంటే ఇంకా దిగాలి. స్లాబు మందంలో మూడో వంతు దాటితే అతుకు ఆపి, ఆ భాగం మొత్తం లోతు తీసి కొత్తగా పోయండి.

కమ్మీ బయటపడితే సగం పూడి సగం తేలి ఉండనివ్వకండి. దాని కింద కూడా 20 నుంచి 25 మి.మీ. ఖాళీ చేయండి, తుప్పు లేని ఇనుము కనబడేదాకా పొడుగునా తవ్వుకుంటూ వెళ్లండి. వైరు బ్రష్‌తో మెరిసేలా తోమి జింకు ప్రైమరు వేయండి. నాలుగో వంతు సన్నబడిన కమ్మీకి పక్కన కొత్తది కట్టాలి, అటూ ఇటూ కమ్మీ వ్యాసానికి 50 రెట్లు, అంటే 8 మి.మీ.కి 400 మి.మీ. అతుకు ఉండాలి.

కంప్రెసరు గాలితో ఊదండి. గాలిలో నూనె చుక్క ఉందేమో తెల్లగుడ్డ పెట్టి చూడండి. గుంటను రాత్రంతా తడిపి, పోసే ముందు నిలిచిన నీటిని తుడిచేయండి. లోపల తడి ఉండాలి, పైన మెరవకూడదు. ఎపాక్సీ మోర్టారు వాడేటట్టయితే మాత్రం పూర్తిగా పొడిగా ఉండాలి.

జాయింటు పక్క గుంట అయితే, జాయింటులో థర్మోకోల్ లేదా ఫోమ్ పట్టీ, గుంట అడుగుకన్నా 25 మి.మీ. లోతుగా దిగేలా నిలబెట్టండి. చాలా అతుకులు ఇది మరిచినందుకే విరుగుతాయి. కొత్త కాంక్రీటు అటువైపు ప్యానెల్‌ను అంటుకుంటే, ప్యానెల్ సాగిన మొదటి మధ్యాహ్నమే చిట్లుతుంది.

సిమెంటు, నీరు, ఎస్‌బీఆర్ లేటెక్సు (అతుకు పట్టించే రబ్బరు పాల లాంటి ద్రవం) కలిపి చిక్కటి పూతలా బ్రష్‌తో అడుక్కీ గోడలకీ రుద్దండి. అది ఆరకముందే పోయాలి. ఆరి తెల్లబడితే అతికించే బదులు విడదీస్తుంది, గీకేసి మళ్లీ పూయాలి. నింపడానికి 10 మి.మీ. చిప్స్‌తో ఎం40 మిక్సు చాలు. 600 × 400 మి.మీ. గుంట 50 మి.మీ. లోతుకు 12 లీటర్ల కాంక్రీటు పడుతుంది, అందులో సిమెంటు 5 కిలోలు. చేత్తో కలిపే పరిమాణమే గనుక నీటిని కొలిచే పోయండి, మగ్గుతో అంచనా వద్దు. 3 మి.మీ. ఎత్తుగా నింపి, మూలల్లో బాగా కూరి, మధ్య నుంచి అంచుల వైపు మట్టం చేయండి. పక్క రోడ్డుకున్న గీతల్లాంటివే బ్రష్‌తో తీయండి. కోత బ్లేడు మూలల్లో దాటిపోయిన గాట్లను కూడా పూడ్చండి.

సాయంత్రం నాలుగు తర్వాత పోయడం మంచిది. తడి గోనెసంచి, పైన పాలిథీన్, నాలుగు మూలలా రాళ్లు. ఇంత చిన్న అతుకు పెద్ద స్లాబు కన్నా వేగంగా ఆరుతుంది, రోజూ పొద్దున, సాయంత్రం తడుపుతూ 14 రోజులు ఉంచండి. ఆ తర్వాత పట్టీ తీసి జాయింటుకు సీలెంటు.

7. కొత్తగా పోసేవాళ్లకు

ఉపాధి హామీ నిధుల రోడ్లు మార్చి ఆఖరులోపు బిల్లు కావాలని ఫిబ్రవరి, మార్చి నెలల్లో గబగబా పోస్తారు. తేదీ మార్చలేకపోతే వేళనైనా మార్చండి, మధ్యాహ్నం వద్దు. కింది పొరను ముందే తడపండి, లేదా పాలిథీన్ పరవండి. పొడి నేల అడుగు నుంచి నీరు లాగేస్తుంది. కాంక్రీటు వేడి 30 డిగ్రీలు దాటకుండా నీళ్ల ట్యాంకు, కంకర గుట్ట నీడలో ఉంచండి. మెష్‌ను మీటరు లోపు ఎడంతో చైర్ల మీద నిలబెట్టండి, నడవడానికి పలకలు వేయండి. వైబ్రేటరును మెష్‌కు తాకించకండి. పైన తేలిన నీరు ఇంకిపోయేదాకా రుద్దకండి, నీళ్లు గానీ పొడి సిమెంటు గానీ చల్లకండి. మెరుపు పోయిన వెంటనే బ్రష్ గీతలు, ఆ వెంటనే క్యూరింగ్ ద్రవం లేదా పైకి తగలకుండా తడి గోనె కప్పు. మరునాటి ఉదయం గట్లు కట్టి నీళ్లు నిలపొచ్చులే అని అప్పటిదాకా వదిలేసిన ఆ మొదటి రాత్రిలోనే పైపొర బలం పోతుంది. 28 రోజులు నిండేదాకా లోడు లారీలను, ట్రాక్టర్లను ఎక్కనివ్వకండి.

కాంక్రీటు మీద అనుమానం మిగిలితే కోర్లు (రోడ్డులోంచి తొలిచి తీసే గుండ్రటి కాంక్రీటు నమూనాలు) తీయించండి. మూడు కోర్ల సగటు నిర్దేశిత బలంలో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా ఉంటే కాంక్రీటును అంగీకరించవచ్చు. కోరు తీసేటప్పుడే మందం, మెష్ లోతు కూడా కొలిచి కాగితం మీద పెట్టండి. కాంట్రాక్టులో లోపాల బాధ్యత గడువు ఎప్పటిదాకా ఉందో చూసి, అది ముగియడానికి రెండు నెలల ముందు మరోసారి గొలుసు ఈడ్చి, కొత్తగా డొల్ల మోగిన చోట్లను పటంలో చేర్చి రాతపూర్వకంగా ఇంజనీరుకు ఇవ్వండి.